ఉచిత ప్రవేశం ఖరీదెంత?

చలికాలం మొదలైతే మన నగరాలకు పండగ కళ వస్తుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నాటకోత్సవాలు, సంగీతోత్సవాలు, నృత్యోత్సవాలు, చిత్రకళా ప్రదర్శనలు, హస్తకళల మేళాలు వరస కడతాయి. వాటి ఆహ్వాన పత్రికల్లో చాలావాటి అడుగున ఒకే వాక్యం కనిపిస్తుంది: ‘ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే.’ వినడానికి ఎంతో ఉదారంగా ఉండే ఈ మాటను కాస్త లెక్కగట్టి చూద్దాం. హాలుకు అద్దె కట్టారు. మైకుసెట్టుకు, లైట్లకు, జనరేటరుకు డబ్బిచ్చారు. ఫ్లెక్సీలవాడు అడ్వాన్సు పుచ్చుకున్నాకే పని మొదలుపెట్టాడు. పూలదండలు, శాలువాలు, జ్ఞాపికలు, వీడియో, అతిథులకు టిఫిన్లు... ఇందులో ఏదీ ఊరికే రాలేదు, ఊరికే ఇమ్మని ఎవరూ అడగనూ లేదు. సర్దుకోమని అడిగింది ఒక్క కళాకారుణ్నే. ‘ఈసారికి దారిఖర్చులిస్తాం, పెద్దలొస్తున్నారు, పేపర్లో ఫొటో పడుతుంది’ అన్న మాటలు రంగస్థలం మీద బతికేవాళ్లకు కంఠతా వచ్చు. అంటే మనం ఉచితంగా చూసిన ఆ సాయంత్రానికి డబ్బు కట్టినవాళ్లలో అందరికంటే పేదవాడు వేదిక మీదే ఉన్నాడు. దాతల జాబితాలో మాత్రం అతని పేరుండదు.

నగరాలకు కళోత్సవాలు కావాలి, ఇప్పుడున్నవాటికంటే ఎక్కువే కావాలి. ఆ విషయంలో పేచీ లేదు. పేచీ అంతా ఉత్సవాన్ని దేంతో కొలుస్తున్నామన్న దగ్గర వస్తుంది. ఎంతమంది వచ్చారు, ఏ మంత్రి వచ్చారు, ఎన్ని ఫొటోలు పడ్డాయి అన్నవి నిర్వాహకుల కొలతలు. వచ్చినవాళ్ల జేబులోంచి కదిలిన రూపాయిలో కళాకారుడి చేతికి చేరింది ఎంత, ఉత్సవం అయిపోయాక మళ్లీ మామూలు శనివారం నాడు అదే కళ కోసం ఎంతమంది వెతుక్కుంటూ వెళ్లారు అన్నవి కళకు సంబంధించిన కొలతలు. ఈ రెండో లెక్కన చూస్తే కళకు మామూలు ప్రేక్షకుడు కొనే టికెట్టు చేసే మేలు శాలువా, బిరుదు, చప్పట్లు మూడూ కలిసినా చేయలేవు. టికెట్టు ఒక్కటే సరిపోతుందని కాదు. మిగతా సాయాలన్నీ నిలబడాలంటే ముందు అదుండాలి. తెలుగునాట ఆ అలవాటు ఒకప్పుడు ఉండేది, పోయింది. అది ఎలా ఉండేదో చూస్తే ఎందుకు కావాలో తెలుస్తుంది.

సురభి సంగతే తీసుకుందాం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు బృందం ‘కీచకవధ’ ఆడింది. అంతకుముందు తోలుబొమ్మలాడిన కుటుంబాలు బొమ్మల్ని పక్కనపెట్టి తామే పాత్రలయ్యాయి. ఆ ఒక్క కుటుంబం కొమ్మలు వేసి ఎన్నో నాటక సమాజాలైంది. వీళ్లకు జమీందారు నెలజీతం ఇవ్వలేదు. ఊళ్లో డేరా వేసేవారు, నేల, బెంచీ, కుర్చీ తరగతులకు టికెట్లు పెట్టేవారు, ఆ డబ్బుతోనే ఇంటిల్లిపాదీ తినేవారు. జనం రాకపోతే డేరా ఎత్తి ఇంకో ఊరు. ఆ బతుకు ఎంత కష్టమో చెప్పక్కర్లేదు గానీ, దాని ఫలితం వేదిక మీద కనిపించింది. ఆకాశంలో నారదుడు తేలాలి, బాణం నిప్పులు కక్కుతూ వెళ్లి ఎదుటి బాణాన్ని ఢీకొనాలి, ఘటోత్కచుడి మాయ కళ్లముందే జరగాలి. తీగలు, తెరలు, రంగుల లైట్లతో వాళ్లు సాధించిన ఆ విద్యంతా డబ్బిచ్చి కూర్చున్న ప్రేక్షకుడు నిన్న చూసిందే ఇవాళ చూడడని తెలిసినందువల్ల పుట్టింది. స్త్రీ పాత్రలు మగవాళ్లు వేస్తున్న కాలంలోనే ఇక్కడ ఆడవాళ్లు వేదికెక్కారు. ఇంటిల్లిపాదీ చేసే వృత్తిలో ఇంటి ఆడవాళ్లకూ చోటు దొరికింది. 1937 నుంచి నడుస్తున్న వేంకటేశ్వర నాట్యమండలిని నడిపించిన సురభి నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ వచ్చింది. సినిమా, టీవీ వచ్చాక చాలా సమాజాలు మూతపడ్డాయి. అయినా నూట ముప్ఫై ఏళ్లు దాటి ఒక నాటక సంప్రదాయం ఏ ఆస్థానమూ లేకుండా బతికిందంటే దాన్ని మోసింది నేల టికెట్టువాడు.

ఇంకా వెనక్కి వెళ్తే టికెట్టు అన్న కాగితం లేకపోయినా ఆ ఏర్పాటు ఉంది. తెలంగాణలో కథలు చెప్పే కళారూపాలు చాలావరకు ఒక్కో కులాన్ని ఆశ్రయించుకుని బతికాయి. పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, గౌడులకు గౌడజెట్టివాళ్లు, మాదిగలకు చిందువాళ్లు, డక్కలివాళ్లు. ఫలానా ఊళ్లో కథ చెప్పే హక్కు ఫలానా కుటుంబానిదని ఒప్పందం ఉండేది. పంట చేతికొచ్చాక గింజలు, బట్ట, కొంత డబ్బు ముట్టజెప్పేవారు. ఇచ్చినవాళ్లు శ్రీమంతులు కారు. నేత నేసేవాళ్లు, కల్లు గీసేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, తోలు పని చేసేవాళ్లు. కులం కట్టిన గీతల మధ్య, చాలాసార్లు అవమానాల మధ్య నడిచిన ఏర్పాటు కాబట్టి దాన్ని స్వర్ణయుగమని పొగడనక్కర్లేదు. కానీ ఆకలితో ఉన్న సమాజానికి కళ ఎందుకని అడిగేవాళ్లు దీన్ని గమనించాలి. మన ఊళ్లలో కళను పోషించింది ఎక్కువగా ఆకలి తెలిసినవాళ్లే. ఆ గింజల గొలుసు ఎంత దూరం పాకిందో చేర్యాల చెబుతుంది. ఈ కథకులు తెరిచి చూపే పటాలు గీసింది ఆ ఊరి చిత్రకారులు, నకాషీలు. గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద పురాణాన్ని గళ్లుగళ్లుగా దించేవారు. పటం 40 అడుగులు దాటేది కూడా. కథ వినేవాళ్లు తగ్గారు, కథకులకు గింజలు తగ్గాయి, కొత్త పటం గీయించే స్తోమత పోయింది, చివరకు దెబ్బ కుంచె పట్టుకున్న ఇంటిమీద పడింది. ఇవాళ నకాషీలు మాస్కులు, గోడకు తగిలించే చిన్న బొమ్మలు చేసి మేళాల్లో అమ్ముతున్నారు. నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లు దీపాల బుట్టలు చేస్తున్నట్టే. అందుకే నగరంలో హస్తకళల మేళా వేడుక మాత్రమే కాదు, తెగిపోయిన ఊరి పోషణకు మిగిలిన ప్రత్యామ్నాయం. ఆ స్టాలు దగ్గర నిలబడి సగానికి బేరమాడేవాళ్లు, ఎదురుగా ఉన్న కాఫీ దుకాణంలో చెప్పిన ధర చెప్పినట్టు కడతారు.

ఇక్కడ మన సంస్కృతిలోంచే ఒక బలమైన అభ్యంతరం లేస్తుంది. కళ అమ్ముకునేది కాదు గదా? భాగవతాన్ని రాజుకు అంకితమివ్వనన్న పోతన, తంజావూరు ఆస్థానం కబురు పంపితే వెళ్లని త్యాగయ్య మనకు ఆదర్శం గదా? ఈ మాటను తేలిగ్గా తీసిపారేయకూడదు. మన కళాకారులు డబ్బు మాట ఎత్తడానికి సిగ్గుపడేది చాలావరకు ఈ ఆదర్శం వల్లే. అయితే వాళ్లు దేన్ని కాదన్నారో చూడాలి. ఒక్క మనిషి మొత్తం కొనేసి తన పేరు రాయించుకునే ఏర్పాటును కాదన్నారు. త్యాగయ్య ఉంఛవృత్తి చేశాడని సంప్రదాయం చెబుతుంది. తిరువయ్యారు వీధుల్లో పాడుతూ వెళ్తే ఇంటింటివాళ్లూ గుప్పెడు గుప్పెడు బియ్యం వేసేవారు. రాజు ధనరాశి వద్దన్న మనిషి వీధి ఇచ్చిన గుప్పెడు బియ్యాన్ని వద్దనలేదు. పదిమంది తలా కాస్త వేస్తే పాటగాడు ఎవరికీ బంటు కానక్కర్లేదు. ఇప్పటి టికెట్టుకు మన సంప్రదాయంలో ఇంతకంటే దగ్గరి చుట్టం దొరకదు.

అదే తిరువయ్యారులో ఏటా జరిగే ఆరాధనోత్సవంలో గొప్ప గొప్ప విద్వాంసులు పైసా తీసుకోకుండా పాడతారు. ఉచిత కళకు అంతకంటే ఉదాహరణ ఏముంటుందని అడగవచ్చు. ఆ ఉత్సవం వెనక డబ్బు ఎవరిదో కూడా చూడాలి. పాడుబడి ఉన్న త్యాగయ్య సమాధి చోటును 1920ల్లో సంపాదించి మందిరం కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ. దేవదాసీ కుటుంబంలో పుట్టి, కచేరీలు చేసి, నగలూ ఆస్తీ కూడబెట్టుకుని, వాటిని ఆ మందిరానికి ధారపోశారు. కవయిత్రి ముద్దుపళని కావ్యం ‘రాధికా సాంత్వనము’ను 1910లో అచ్చువేయించిందీ ఆవిడే. స్త్రీలు ఆ సన్నిధిలో పాడటానికి వీల్లేదన్నవాళ్లతో ఏళ్ల తరబడి పోరాడి గెలిచిందీ ఆవిడే. ఆవిడకా స్థితి కచేరీలకు డబ్బిచ్చి విన్నవాళ్ల వల్ల వచ్చింది. ఇవాళ అక్కడ ఉచితంగా పాడే విద్వాంసుడికి కూడా ఆ స్తోమతు మిగతా ఏడాదంతా ఫీజిచ్చే సంగీత సభల వల్లే వస్తోంది. దానం చేయాలంటే ముందు సంపాదన ఉండాలి. పగలు ఆఫీసులో గుమాస్తా పని, సాయంత్రం రిహార్సల్, ఆదివారం సొంత ఖర్చుతో పరిషత్తు పోటీకి ప్రయాణం చేసే మన నాటక కళాకారుణ్ని ఉచితంగా ఆడమనడం అతని దానం కిందికి రాదు. మనం వసూలు చేసిన పన్ను కిందికి వస్తుంది.

డబ్బిచ్చి వినే అలవాటు ఒక నగరానికి ఏం చేస్తుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు, చెన్నై ఉంది. 1927లో మద్రాసు కాంగ్రెస్ మహాసభలతో పాటు జరిగిన సంగీత సమావేశం నుంచి 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది. దాని చుట్టూ డజన్లకొద్దీ సభలు పెరిగి, డిసెంబరు మధ్య నుంచి జనవరి దాకా సాగే మార్గశిర కచేరీల కాలం ఏర్పడింది. అక్కడ పాడే కృతుల్లో పెద్ద వాటా తెలుగువే. విని, టికెట్టు కొని, చర్చించి, మరుసటి ఏటికి సభ్యత్వం కట్టేవాళ్లలో అత్యధికులు తమిళులు. భాష మనది, శ్రోత వాళ్లది అని గర్వంగా చెప్పుకునే తెలుగువాళ్లు అందులో మనకున్న వెలితిని గమనించరు. ఆ సభల యంత్రాంగంలో ఒక తెలివుంది. మధ్యాహ్నం కచేరీలు చాలాచోట్ల ఉచితం, అవి కొత్తవాళ్లవి. సాయంత్రం కచేరీలకు టికెట్టు, అవి పేరున్నవాళ్లవి. ఉదయం జరిగే సోదాహరణ ప్రసంగాలకు ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. ఉచితంగా చెవి తయారవుతుంది, తయారైన చెవి సాయంత్రం డబ్బిస్తుంది, ఆ డబ్బు మధ్యాహ్నపు కుర్రవాడి వేదికకు అద్దె అవుతుంది. క్యాంటీన్లో సాంబారు వడకోసమే వచ్చేవాళ్లున్నారని చెన్నైలోనే జోకులేసుకుంటారు. వాళ్లు కూడా వడకు డబ్బిచ్చే తింటారు గదా, నష్టమేముంది.

ఈ ఏర్పాటుకు లోపాలు లేవనుకోకూడదు. ఏ కులంవాళ్లు పాడుతున్నారు, ఏ వీధివాళ్లు వింటున్నారు అని అడిగిన గాయకుడు టి.ఎం.కృష్ణ 2015లో ఆ కచేరీల కాలం నుంచి తప్పుకున్నారు. ఆ రోజుల్లోనే బీసెంట్‌నగర్ పక్కనున్న మత్స్యకారుల పేట ఊరూర్ ఆల్కాట్ కుప్పంలో కర్ణాటక సంగీతాన్నీ, భరతనాట్యాన్నీ, జానపదాన్నీ ఒకే వేదికెక్కించిన ఉత్సవానికి పూనుకున్నవాళ్లలో ఆయనొకరు. అంతకుముందు 2007లో ప్రభుత్వ అండతో చెన్నై సంగమం మొదలైంది. పార్కుల్లో, వీధుల్లో జానపద కళాకారులు ఆడారు, చూసేవాళ్లకు టికెట్టు లేదు. టికెట్టు గోడ కడుతుందన్న విమర్శకు ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు, అది సబబైన విమర్శే. కానీ ప్రేక్షకుడికి ఉచితం, కళాకారుడికి ఉచితం అన్నవి వేర్వేరు సంగతులు. చూసేవాడి బదులు ఇంకొకరు కళాకారుడికి న్యాయమైన ఫీజు కడితే ఉచిత ప్రవేశం గొప్ప పని. ఎవరూ కట్టకపోతే అది శ్రమదోపిడీ. మన ఆహ్వాన పత్రికలు ఈ రెంటికీ ఒకే వాక్యం వాడుతున్నాయి. ఇంకో చిక్కూ ఉంది: 2011లో ప్రభుత్వం మారగానే చెన్నై సంగమం ఆగిపోయింది, మళ్లీ 2023లో గానీ మొదలు కాలేదు. మన దగ్గర 1998లో మొదలైన ప్రభుత్వ నంది నాటకోత్సవాలకూ రాష్ట్రం విడిపోయాక నిలకడ పోయింది. కొన్నేళ్లు ఆగి, 2023 డిసెంబరులో గుంటూరులో జరిగాయి. ఖజానా మీద మాత్రమే ఆధారపడిన కళ ఎన్నికల ఫలితాల కోసం ఎదురుచూడాల్సి వస్తుంది.

టికెట్టు ఉంటే చాలు, అంతా చక్కబడుతుందనుకునేవాళ్లు ఎడిన్‌బరో వైపు చూడాలి. 1947లో యుద్ధానంతరం అక్కడ అంతర్జాతీయ ఉత్సవం పెడితే, పిలవని పేరంటానికి ఎనిమిది నాటక బృందాలు వచ్చి ఆ ఉత్సవం అంచున, దొరికిన చోటల్లా ఆడాయి. అదే ఇప్పుడు ఫ్రింజ్ పేరుతో అసలు ఉత్సవాన్ని మించిపోయింది. అయిదు లక్షల పైచిలుకు జనాభా ఉన్న నగరంలో ఆగస్టు నెలలో 20 లక్షలకు పైగా టికెట్లు అమ్ముడవుతాయి. అయినా అక్కడికొచ్చి అప్పులతో ఇంటికెళ్లే కళాకారులు బోలెడు మంది. వేదిక అద్దె, నెలరోజుల బస ఖర్చు టికెట్టు డబ్బును మింగేస్తాయి. ఇళ్ల యజమానులు, హోటళ్లు బాగుపడతాయి. కాబట్టి టికెట్టు కొన్నంత మాత్రాన పని అయిపోదు, అది ఎటు పోతోందో కూడా అడగాలి. ముంబయిలో 1999 నుంచి ఏటా జనవరి, ఫిబ్రవరి ప్రాంతంలో తొమ్మిది రోజులు జరిగే కాలా ఘోడా ఉత్సవం ఇంకో దారి పట్టింది: జనానికి ఉచితం, ఖర్చు స్పాన్సర్లది, వచ్చిన డబ్బులో కొంత ఆ పేటలోని పాత కట్టడాల మరమ్మతుకు. జనం కళాఖండాల ముందు సెల్ఫీలు దిగి వెళ్లిపోతారని విమర్శకులు వెక్కిరిస్తుంటారు. వెక్కిరింత తేలిక. గ్యాలరీ తలుపు తోయడానికి జంకే మనిషి వీధిలో నిలబెట్టిన శిల్పాన్ని చూసి ఒక్క నిమిషం ఆగాడంటే అది లాభమే. ఆ నిమిషం తరువాత అతను పక్కనే ఉన్న జహంగీర్ ఆర్ట్ గ్యాలరీలోకి అడుగుపెట్టాడా లేదా అన్న దగ్గరే ఉత్సవం పాసో ఫెయిలో తేలుతుంది.

మంచి కళకు జనం వాళ్లంతట వాళ్లే వస్తారు, రాకపోతే ఆ కళలోనే లోపముంది, బలవంతపు పోషణ దేనికి అనేవాళ్లూ ఉన్నారు. దీనికి జవాబు అమెరికన్ ఆర్థికవేత్తలు విలియం బౌమల్, విలియం బోవెన్ 1966లోనే ఇచ్చారు. యంత్రం వచ్చాక చొక్కా కుట్టడానికి పట్టే సమయం తగ్గింది, ధాన్యం ఆడించడానికి పట్టే సమయం తగ్గింది. నలుగురు వాయించాల్సిన సంగీతానికి మాత్రం వందేళ్ల కిందటా నలుగురే కావాలి, ఇప్పుడూ నలుగురే కావాలి, అంతే సమయం పడుతుంది. మిగతా రంగాల్లో జీతాలు పెరిగేకొద్దీ వీళ్లకూ ఇంటద్దె, బియ్యం ధర పెరుగుతాయి గానీ, గంటలో చేసే పని పెరగదు. ‘సత్యహరిశ్చంద్ర’ కాటిసీనును సగం సమయంలో పాడించే సాఫ్ట్‌వేర్ ఎవరూ కనిపెట్టలేదు, కనిపెడితే వినేవాళ్లూ ఉండరు. అందుచేత ప్రత్యక్ష కళకు రాబడి, ఖర్చుల మధ్య తేడా ఎప్పుడూ ఉంటుంది. అది అసమర్థత కాదు, ఆ పని స్వభావం. ఇది నా వాదానికి కూడా ఒక హద్దు గీస్తుందని ఒప్పుకోవాలి: ఇప్పుడు టికెట్టు డబ్బుతోనే నాటకశాల నడవడం కష్టం. ప్రభుత్వం కావాలి, దాతలూ కావాలి. అయితే ఖాళీ కుర్చీల కళకు నిధులివ్వమని ఏ ప్రభుత్వాన్నైనా ఎంతకాలం అడగగలం? కొన్న టికెట్టు ఆ అడిగే హక్కునిస్తుంది.

ఆసుపత్రుల్లో మంచాలు చాలని చోట నాటకానికి డబ్బెందుకన్న ప్రశ్న ప్రతి చర్చలోనూ వస్తుంది. ఆ రెండింటి మధ్య పోటీ ఎక్కడుందో ఎవరూ చూపించలేదు. మధ్యతరగతి కుటుంబం మల్టీప్లెక్స్‌లో సినిమాకు వెళ్తే టికెట్లకంటే పాప్‌కార్న్‌కు ఎక్కువ అవుతుంది. స్టాండప్ కామెడీకి యువత యాప్‌లో అయిదొందలు పెట్టి సీటు బుక్ చేసుకుంటోంది. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లు పిల్లల కూచిపూడి క్లాసుకు నెలనెలా ఫీజు కడతారు, గురువు డబ్బు మనిషని ఎవరూ అనరు. డబ్బు ఉంది, వినోదానికి ఖర్చుపెట్టే అలవాటూ ఉంది. నాటకం, హరికథ, వీణ కచేరీ అనగానే మాత్రం ‘పాసులేమైనా ఉన్నాయా’ అని ఫోన్లు మొదలవుతాయి. ఉచితంగా వచ్చినదాన్ని ఎలా చూస్తామో కూడా హాల్లోనే కనిపిస్తుంది: ఆలస్యంగా రావడం, మధ్యలో లేవడం, వెనక వరసల్లో ఫోన్లు. డబ్బిచ్చిన సినిమాలో మొదటి రీలు పోతే మాత్రం బాధపడతాం.

గుర్తింపు వస్తే బతుకు దానంతటదే బాగుపడుతుందన్న నమ్మకం కూడా పరీక్షకు నిలవలేదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు రావాల్సినవన్నీ వచ్చాయి. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాటతో ఆయన గొంతు ప్రతి ఇంట్లో వినిపించింది, 2022లో పద్మశ్రీ వచ్చింది, రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో కూలి పనికి వెళ్తున్నారన్న వార్త ఫొటోలతో సహా దేశమంతా తిరిగింది. వచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందన్న విచారణ మన పని కాదు. ఏ ఇంట్లోనైనా జబ్బులు, పెళ్లిళ్లు, అప్పులు ఉంటాయి, ఒక్కసారి వచ్చిన పెద్దమొత్తం వాటిలోకే పోతుంది. మనం అడగాల్సింది ఇంకొకటి: అంత పేరొచ్చాక, ఇన్ని నగరాలు ఇన్ని ఉత్సవాలు చేసుకుంటుంటే, ఫీజిచ్చి నెలకు నాలుగుసార్లు ఆ కిన్నెరను వినాలని ఎన్ని వేదికలకు తోచింది? సన్మానానికి పిలిచినవాళ్లు చాలామందే ఉండి ఉంటారు. కచేరీకి పిలవడం వేరు.

సన్మానాల దగ్గర ఒక మాట చెప్పక తప్పదు. మన సాంస్కృతిక కార్యక్రమం ఆరింటికని వేస్తారు, ముఖ్య అతిథి ఏడున్నరకు వస్తారు, జ్యోతి ప్రజ్వలనం, పది ప్రసంగాలు, పాతిక శాలువాలు. తొమ్మిదింటికి హాలు ఖాళీ చేయాలని మేనేజరు గుర్తుచేస్తే నిర్వాహకులు నర్తకి దగ్గరికి వెళ్లి గంట అంశాన్ని ఇరవై నిమిషాలకు కుదించమంటారు. ఆమె నెలరోజులు సాధన చేసి, మేకప్ వేసుకుని అయిదింటి నుంచి కూర్చుని ఉంది. ఇది ఎవరి దుర్మార్గమూ కాదు. ఆ సాయంత్రానికి డబ్బు పెట్టింది ప్రసంగాలు చేసేవాళ్లు కాబట్టి సమయమూ వాళ్లదే. ప్రేక్షకుడు నూటయాభై పెట్టి టికెట్టు కొని ఉంటే రెండో ప్రసంగం దగ్గరే హాల్లోంచి గొంతు లేచేది. లేవాలి కూడా.

చట్టం ఈ దారికి అడ్డేమీ పెట్టలేదు. నాటకానికి, నృత్యానికి, సంగీతానికి టికెట్టు ధర 500 రూపాయలు మించకపోతే జీఎస్టీ లేదు. జానపద, శాస్త్రీయ కళాకారుడికి ఒక ప్రదర్శనకు ఇచ్చే పారితోషికం లక్షన్నర దాటకపోతే దానికీ మినహాయింపు ఉంది. 2013 నాటి కంపెనీల చట్టంలో సామాజిక బాధ్యత కింద చేయదగ్గ పనుల్లో సంప్రదాయ కళలు, హస్తకళల ప్రోత్సాహం కూడా ఉంది. నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు లాభాల్లో రెండు శాతం ఆ బాధ్యతకు ఖర్చుపెట్టాలి. ఆ రెండు శాతంలో కళకు దక్కాల్సింది బ్యానరు మీద లోగో కోసం కాకుండా నేరుగా కళాకారుల ఫీజుకు పోవాలని అడిగే నిర్వాహకులు కావాలి. యూట్యూబ్‌లో అన్నీ దొరుకుతుండగా హాలుకు ఎందుకన్నవాళ్లతో పెద్దగా వాదించక్కర్లేదు. అక్కడ దొరికే మంచి కచేరీల్లో చాలావరకు ఏదో ఒక హాల్లో ఎవరో డబ్బిచ్చి వింటుండగా రికార్డు చేసినవే.

అయితే లెక్క కుదురుతుందా? 300 కుర్చీల హాలు, టికెట్టు 150 రూపాయలు, సగం కుర్చీలు నిండాయనుకుందాం. 22,500 వస్తుంది. పన్నెండుమంది నటులు, సంగీతం, లైటింగ్, మేకప్ ఉన్న నాటకానికి ఇందులోంచే హాలు అద్దె కూడా కట్టమంటే పొద్దున్నే ఆటోకు డబ్బులుండవు. హాలు అద్దె లేకపోతే మాత్రం మనిషికి వెయ్యి రూపాయలకు పైగా దక్కుతుంది. గొప్ప సంపాదన కాదు గానీ, ఒక రోజు కూలి పోగొట్టుకోకుండా నాటకమాడవచ్చు, వచ్చే వారం మళ్లీ ఆడవచ్చు. కాబట్టి పని పంచుకోవచ్చు. హైదరాబాద్ రవీంద్రభారతి, విజయవాడ తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం, విశాఖ గురజాడ కళాక్షేత్రం లాంటి వేదికల్లో నెలకు కొన్ని సాయంత్రాలు టికెట్టు నాటకాలకు, కచేరీలకు అద్దె లేకుండా ఇవ్వడం ప్రభుత్వ, నగరపాలక సంస్థల వంతు. విద్యార్థులకు, చూడాలని ఉన్నా డబ్బు లేనివాళ్లకు కొన్ని వరసలు వదిలి ఆ సీట్ల ఖర్చు స్పాన్సరుతో కట్టించడం నిర్వాహకుల వంతు. మిగిలిన నూటయాభై కుర్చీలు మన వంతు. మొదటి నెలలో అవి నిండకపోవచ్చు, పాసుల కోసం ఫోన్లు ఆగకపోవచ్చు. చెన్నైకి కూడా ఆ అలవాటు ఒక్కరోజులో రాలేదు. ఈ చలికాలపు ఉత్సవాల జాబితా చేతికొచ్చినప్పుడు అందులో టికెట్టున్న కార్యక్రమాలేవో ముందు చూసి, ఇంట్లో ఇద్దరుంటే ఇద్దరికీ కొనడంతో మొదలుపెట్టవచ్చు. టికెట్టు లేనివాటికి వెళ్తే, కళాకారులకు ఎంత ఇస్తున్నారని నిర్వాహకుల్ని మర్యాదగానే అడగవచ్చు.